ఎమ్మెల్యే మాటకు శాలువా

ఎమ్మెల్యే దండపాణి గారు పొద్దున తన పేజీలో పెట్టిన మాట, కాసేపటికి మా ఆఫీసుకు వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంటుంది. తెల్ల చొక్కా వేసుకుంది. మెడలో విజిటర్ కార్డు ఉంది. కాఫీలో చక్కెర ఇంకాస్త కావాలంటుంది. తెచ్చి ఇస్తాను.

జనం మా యాప్‌లో పెట్టే పోస్టుల్లో ఉండకూడనివి తీసెయ్యడం నా ఉద్యోగం. ఈ మాట ఛాతీ మీద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: "మంచినీళ్లలో కామెర్లు కలిపింది గాజులగుంట వాళ్లే. సాయంత్రంలోగా ఊరు దాటించండి."

గాజులగుంటలో మా అక్క కరుణ ఉంటుంది. ఆ వీధి ఇక్కడికి ఒక రాత్రి రైలు ప్రయాణం. అయినా నా సీటు పక్క కిటికీ తెరిస్తే ఎదురుగా అదే వీధి. అక్క గడపలో నిలబడి ఉంది. వీధి చివర కొందరు కర్రలు పట్టుకుని, ఫోనుల్లో ఈ మాటనే చదువుకుంటున్నారు.

"ఏమేవ్ సువార్తా, ఆ పాడు మాట తీసెయ్యవే," అంటుంది అక్క. "పిల్లలు గుమ్మం దాటటానికి భయపడి చస్తన్నారు."

"తీసేస్తున్నా అక్కా," అని బటన్ నొక్కుతాను. బటన్ లోపలికి పోయి, నాకు నమస్కారం పెట్టి, మళ్లీ పైకి వస్తుంది. నాయకుల మాటను నా ఒక్కదాని చేత్తో తియ్యకూడదట. కమిటీ కూర్చోవాలి.

కమిటీ కూర్చుంటుంది. మా మేనేజర్ ప్రభంజన్ గారు శాలువా, పూలబొకే తెస్తారు. మా దగ్గర పద్ధతి అది. నాయకుల పోస్టును విచారించే ముందు సన్మానించాలి, లేకపోతే వాళ్లంటే మాకు పడదని అనుకుంటారు. ఆయన మాటకు శాలువా కప్పి, భుజం మీద చెయ్యేసి ఫొటో దిగుతారు. తర్వాత ప్రమాదకరమో కాదో చూడాలని మైకులో పైకి చదువుతారు. చదవగానే అది జానెడు పెరుగుతుంది.

"మనం చదివినా చూసినవాళ్ల లెక్కలో కలుస్తుంది సార్," అంటాను.

"చదవకుండా తీసేస్తే అన్యాయం కదమ్మా," అని మళ్లీ చదువుతారు. అందరికీ బాగా అర్థం కావాలని ఇంకోసారి చదివిస్తారు. మాట తల సీలింగుకు తగులుతుంది. కిటికీ అవతల కర్రలు పట్టుకున్నవాళ్లు రెట్టింపయ్యారు. నాకు ఒళ్లు మండిపోతోంది.

మా కంపెనీ లాయరు విశాలాక్షి గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నడుము దాకా ఆవిడ గోడే. చీర కుచ్చిళ్ల మధ్య ఇటుకలు కనిపిస్తున్నాయి.

"మనం గోడ మాత్రమేనమ్మా. ఎవరో వచ్చి రాస్తే గోడ మీద కేసు పెడతారా?"

"గోడ ఉన్నచోట ఉంటుందండీ. మన గోడ తనే నడిచి వెళ్లి ఇంటింటి తలుపూ కొట్టి ఈ మాట చూపించింది. దారిలో సబ్బుల ప్రకటనలు కూడా అమ్ముకుంది."

ఆవిడ జవాబు చెప్పబోతారు. అప్పటికే పెదాల మీద సున్నం ఆరిపోయింది.

శాలువా సర్దుకుని మాట నా మీదికి వంగుతుంది. "నేను జనం ఎన్నుకున్న నోట్లోంచి వచ్చాను. ఇవాళ నన్ను తీసేస్తే, రేపు నిన్నూ తీసేస్తారు. ఆలోచించుకో."

"నన్ను తియ్యడానికి కమిటీ అక్కర్లేదు," అంటాను.

సరిగ్గా అప్పుడే అక్క తన ఫోనులో ఆ మాట కింద జవాబు రాస్తుంది: "సిగ్గులేదా నీకు? ఆ నీళ్లే మేమూ తాగుతున్నాం. మా పిల్లలకీ కామెర్లే." మా మిషను దాన్ని రెప్పపాటులో తీసేస్తుంది. కారణం, దురుసు భాష. కిటికీలోంచి చూస్తే అక్కకు నోరు లేదు. ముక్కు కింద నుంచి గడ్డం దాకా నున్నటి చర్మం. ఆవిడ చేతులు ఊపి ఏదో చెబుతోంది. ఆవిడ మాటకు శాలువా లేదు, మైకు లేదు, కాఫీ లేదు. ఈ గదిలో ఒక్కరి మొహాన కూడా ఉమ్మలేకపోతున్నందుకు నా మీద నాకే కోపం వస్తుంది.

ప్రభంజన్ గారు గొంతు సవరించుకుని తీర్పు చెబుతారు. "గాజులగుంట అనే వీధి లేదనుకోండి. అప్పుడు ఈ మాట ఎవరినీ అన్నట్టు కాదు. ఎవరినీ అననప్పుడు నియమం తప్పినట్టూ కాదు. అందుకని వీధిని తీసేద్దాం."

అందరూ చప్పట్లు కొడతారు. ఇద్దరు కిటికీలోంచి వంగి, వీధిని ఒక కొస పట్టుకుని చాపలా చుట్టేస్తారు. ఇళ్లు, కరెంటు స్తంభాలు, అక్క, పిల్లలు అందులో చుట్టుకుపోతారు. కర్రలవాళ్లు బయటే మిగిలిపోయి, తరమడానికి వీధి లేక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చుట్టను నా చేతుల్లో పెట్టి, "స్టోర్ రూములో పడెయ్యమ్మా," అని ప్రభంజన్ గారు చేతులు దులుపుకుంటారు.

చుట్ట వెచ్చగా ఉంది. లోపల ఎవరో కోడిని పిలుస్తున్నారు, ఒక పిల్ల దగ్గుతోంది. దాన్ని తలమీద పెట్టుకుని లిఫ్టు ఎక్కుతాను. లిఫ్టు తలుపులు ఎమ్మెల్యే గారి హాల్లో తెరుచుకుంటాయి. ఆయన పెసరట్టు తింటున్నారు.

"ఎవరమ్మా నువ్వు? లోపలికెవరు రానిచ్చారు?"

"ఊరు దాటించమన్నారుగా సార్. దాటించుకొచ్చాను."

ఒక కొస పట్టుకుని చుట్ట వదిలేస్తాను. వీధి హాలంతా పరుచుకుంటుంది. సోఫాలను పక్కకు నెట్టి, డైనింగు టేబులు మీదుగా ఆయన ఒళ్లోకి ఎక్కుతుంది. గన్‌మెన్‌ను పిలవాలని ఆయన నోరు తెరుస్తారు. వీధి ఆగకుండా ఆ నోట్లోకి వెళుతుంది.

అక్క తలుపు తీసుకుని బయటికొస్తుంది. అటూ ఇటూ చూసి, చంకన చిన్నదాన్ని ఎత్తుకుని, బకెట్టు పట్టుకుని, ఆయన కింది పెదవి దాటి లోపలికి నడుస్తుంది. వెనకాలే పొరుగువాళ్లు మంచాలు, స్టవ్వులు మోసుకుంటూ వెళతారు. ఆయన నోరు మూయలేరు. కళ్లు తిప్పి నన్ను బతిమాలుతున్నారు. నాకు జాలి కలగదు.

కాసేపటికి ఆ నోట్లోంచి మా అక్క గొంతు వస్తుంది. "సువార్తా, ఇక్కడ చోటు బానే ఉందే. ఒక తాడు ముక్క ఉంటే ఇటివ్వు."

ఇస్తాను. ఆయన కుడి దవడ పన్నుకు ఒక కొస, ఎడమ దవడ పన్నుకు ఇంకో కొస కట్టి, అక్క పిల్లల స్కూలు చొక్కాలు ఒక్కొక్కటే దులిపి ఆరేస్తుంది.