ఏం నొక్కావు?

కుక్కర్ మూత బిగించి, తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని ఆమె లాప్‌టాప్ ఆన్ చేసింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లిషు ముక్క ఒకటి వచ్చి కూర్చుంది. మొదలవడానికి దానికి ఏ డిస్కూ దొరకలేదట. ఆపి, మళ్లీ వేసింది. మళ్లీ అదే ముక్క.

ఓ ముసలి మంత్రసాని ఆత్మకథను ఏడాదిగా అనువాదం చేస్తోంది. వంటకీ ఉతుకుకీ మధ్య దొరికిన సందుల్లో చేసిన పని. సాయంత్రంలోగా మొత్తం పంపాలి. ఇన్నాళ్లూ ఆమె చేసిన అనువాదాలు ఊరూపేరూ లేకుండానే అచ్చయ్యాయి. "ఈసారి అట్ట మీద మీ పేరు వేస్తున్నామండీ" అని ఎడిటర్ చెప్పిన రోజు బాత్రూంలోకి వెళ్లి కుళాయి విప్పుకుని ఏడ్చింది.

భర్తకు ఫోన్ చేసింది.

"ఏం నొక్కావు?" అన్నాడాయన.

"ఏం నొక్కలేదండీ. ఆన్ చేశానంతే."

"ఊరికే ఎందుకు పోతుంది? ఏదో నొక్కే ఉంటావు. డిస్క్ పోయినట్టుంది, సాయంత్రం షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టిస్తాలే."

"ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి. అందులో నా పుస్తకం ఉంది."

"నీ పుస్తకమేంటి, ఎవరో రాసిందేగా? మళ్లీ టైప్ చేసుకో. ఇంట్లోనే ఉంటావుగా."

వాషింగ్ మెషిన్ ఆగినా, రిమోట్ పనిచేయకపోయినా ఆ ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న. నిజమే, ఆమె చాలానే నొక్కింది. మంచాన పడ్డ మామగారి కాళ్లు నొక్కింది. అత్తగారికి తలనొప్పి వస్తే కణతలు నొక్కింది. ఉద్యోగం మానేయమన్నప్పుడు గొంతు దాకా వచ్చిన మాటను నొక్కేసుకుంది. ఇంటిఖర్చులోంచి మాత్రం ఎప్పుడూ ఏమీ నొక్కలేదు. ఆ తెలివే ఉంటే ఈపాటికి ఓ కొత్త లాప్‌టాప్ కొనుక్కునేది. ఇది ఆయన వాడి వదిలేసింది, అయినా దీన్ని ముట్టుకోవడానికి ఇంటిల్లిపాదికీ హక్కుంది, చెడితే తప్పు మాత్రం ఆమెది.

పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి దాచిన సంగతి గుర్తొచ్చి సొరుగు లాగింది. లేదు. నిన్న మరిది లాప్‌టాప్ అడిగి తీసుకున్నాడు. అతనికి ఫోన్ చేసింది.

"అదా వదినా? నా పనొకటుంటే ఆ పెన్‌డ్రైవ్‌తోనే మీ లాప్‌టాప్ ఆన్ చేశా. అందులో ఏవో పాత ఫైళ్లుంటే తీసేశా. ఏమన్నా కావాల్సినవా?"

ఆమె ఉన్నచోటనే నేల మీద కూలబడింది. కుక్కర్ కూతలు వేస్తూనే ఉంది. "అమ్మాయ్, చెవుల్లో ఏం పెట్టుకున్నావు?" అని గదిలోంచి అత్తగారు. లేవలేదు. మాడితే మాడనీ. ఏడాది బతుకు పాత ఫైళ్లయిపోయింది. కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది, ఈసారి కుళాయి కూడా విప్పలేదు.

ఏడుస్తుంటేనే మరిది మాట ఒకటి ముల్లులా గుచ్చుకుంది. పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేశాడట. అంటే సొంత డిస్కును కాదని, ముందు పెన్‌డ్రైవ్‌ను చూడమని యంత్రానికి ఎవరో చెప్పి ఉండాలి కదా?

లేచి స్టవ్ కట్టేసింది. లాప్‌టాప్ ఆపి, మళ్లీ వేస్తూ, సెట్టింగులకు ఎఫ్‌టూ అని తెర మూలన క్షణంసేపు మెరిసే మాట చూసి, పైవరసలో ఆ మీటను వదలకుండా టకటకా కొట్టింది. నీలం రంగు పేజీ తెరుచుకుంది. ఎవరిని ముందు అడగాలో, ఎవరిని తర్వాత అడగాలో యంత్రానికి చెప్పే వరస అది. పెన్‌డ్రైవ్ అందరికన్నా పైన ఉంది. ఆమె డిస్క్ అట్టడుగున, వద్దని గుర్తు పెట్టి ఉంది.

ఉంది. చచ్చిపోలేదు. దాన్ని అడగొద్దన్నారు, అంతే.

దాన్ని ఒక్కో మెట్టూ ఎక్కించి మొదటి చోట నిలబెట్టింది. ఆ గుర్తు తీసేసింది. బయటికి రాబోతూ అదే పేజీలో ఇంకో గడి చూసింది. కాసేపు ఆలోచించి అందులో ఏదో కొట్టింది. లాప్‌టాప్ తెరుచుకుంది. మంత్రసాని చెక్కుచెదరకుండా ఉంది. మొత్తం ఎడిటర్‌కు పంపేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

సాయంత్రం ఆయన వస్తూనే ఫార్మాట్ కోసం లాప్‌టాప్ ముందేసుకున్నాడు. మరిది పక్కన చేరాడు. ఆయన ఆన్ చేశాడు.

"పాస్‌వర్డ్ అడుగుతోందేంటి?" అన్నాడాయన. "ఇప్పుడేం నొక్కాలి?"

ఆమె మాడిన కుక్కర్ తోముతోంది. తలెత్తలేదు.

"ఏం నొక్కక్కర్లేదు. ముందు నన్ను అడగాలి."