పడవ నిదానం

చెల్లెలి పని ఆటల చేత ఇళ్ళు మార్పించడం. ఒక ఆపరేటింగ్ సిస్టం మీద పుట్టి పెరిగిన కంప్యూటర్ ఆటను ఇంకోదాని మీదకి తెచ్చి, అక్కడ కూడా కుంటకుండా నడిచేట్టు చూడాలి. సామాను దింపడం ఎంతసేపు? పాత గోడకున్న ఏ మేకు కొత్తింట్లో లేదో కనిపెట్టడమే మూడు చెరువుల నీళ్ళు తాగిస్తుంది.

ఈసారి వచ్చింది పరాయివాళ్ళ ఆట కాదు, సొంత అన్న రాసిన ఆట. చీకట్లో బండలు తప్పించుకుంటూ ఏరు దాటే పడవ ఆట. అది రాసినప్పుడు అన్న ఒట్టి తొందర మనిషి. ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాట అందుకునేవాడు. అలాంటివాడి ఆటలో పడవ మాత్రం ఎంతో నింపాదిగా కదిలేది. ఇంత ఓపిక ఇతనికి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆడినవాళ్ళంతా మెచ్చుకున్నారు. అన్న మొదట్లో నవ్వుకున్నాడు, తర్వాత నమ్మాడు. నిదానమే ప్రధానమని కనిపించినవాడికల్లా బోధించాడు. రెండో ఆట మాత్రం పూర్తికాలేదు. మొదలుపెట్టినవన్నీ నత్తనడక నడిచి, రాసినవాడికే నిద్ర తెప్పించి మూలపడ్డాయి. ఇప్పుడు చేతిలో ఉన్నదీ అదే దారి పట్టింది. “నాలో సరుకైపోయిందే” అని మొన్న అతను అంటే చెల్లెలికి భయం వేసింది.

కొత్త సిస్టం మీద ఆట మొదలుపెట్టగానే పడవ తాడు తెంపుకున్న దూడలా పరిగెత్తి బండకి కొట్టుకుంది.

తనెక్కడ తప్పు చేసిందోనని పొద్దుటి పూటంతా వెతుక్కుంది. తప్పు ఆమెది కాదు. పడవ కాస్త జరిగినప్పుడల్లా రెప్పపాటు ఆగమని అన్న రాశాడు. పాత సిస్టానికి అంత కొద్దిసేపు ఆగడం చేతకాదు. రెప్పపాటు ఆగమంటే ఓ కునుకు తీసి లేచేది. కొత్తది చెప్పింది చెప్పినట్టు చేసింది. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు, అన్న పట్టాల్సిన ఓపిక ఇన్నేళ్ళూ పాత సిస్టం బద్ధకమే పట్టింది.

సరిచేయడం చిటికెలో పని. ఆగే సమయం పెంచితే పడవ మళ్ళీ నింపాదిగా సాగింది. అన్నకి ఏమీ తెలియక్కర్లేదు. చెబితే, తనదనుకున్న గొప్పతనం నీళ్ళపాలు. చెప్పకపోతే, లేని ఓపికను తనలో వెతుక్కుంటూ మిగతా బతుకు కూడా గడిపేస్తాడు. మింగలేక కక్కలేక సాయంత్రం దాకా కూర్చుంది. అతని మీద జాలి వేసింది, అంతకన్నా కోపం వేసింది. చివరికి పెంచిన సమయం తీసేసి, పక్క గదిలో ఉన్న అతన్ని పిలిచింది.

“ఇదేంటే, ఇలా ఉరుకుతోంది? పాడుచేశావా?”

“లేదన్నయ్యా. నువ్వు రాసింది రాసినట్టే ఉంది. ఇన్నాళ్ళూ ఆ పాత సిస్టమే దీన్ని ఆపి ఆపి నడిపింది.”

అంతా విడమరిచి చెప్పింది. అన్న ముఖం పాలిపోయింది.

“మరి వాళ్ళందరూ మెచ్చుకుంది దేన్ని?”

“పడవ నీదే, ఏరూ నీదే. నిదానం మాత్రం నీది కాదు.”

అతను ఆటకి కూర్చున్నాడు. పడవ బండకి కొట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ కొట్టుకుంది. కాసేపటికి పళ్ళు బిగించి, తనను తానే తిట్టుకుంటూ, ఒక మలుపు దాటగానే పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు విని చాలా ఏళ్ళయింది. చెల్లెలి గుండె బరువు దిగింది.

“జనానికి నెమ్మదిదే ఇయ్యి, వాళ్ళకి నచ్చింది అదేగా” అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “ఇది నాకుంచు.”

“మరి నువ్వు రాస్తున్న కొత్తది?”

అన్న చేతులు ఆగిపోయాయి. పడవ బండకి తగిలినా పట్టించుకోలేదు.

“ఇన్నేళ్ళూ ఎవరిలాగానో రాయాలని చచ్చానే” అన్నాడు. “ఆ ఎవరో అసలు మనిషే కాదు.”