కుడుపూడి గారికి నమస్కారం

నేను ఒక ఈ-మెయిల్‌ని. కాగితం ఎరుగను, తపాలా ముద్ర ఎరుగను. ఎవరూ కూర్చుని నన్ను రాయరు. నాలో రెండు ఖాళీలుంటాయి. ఒకదాంట్లో మనిషి పేరు, ఇంకోదాంట్లో రక్తం గ్రూపు నింపి వెబ్‌సైటే నన్ను పంపేస్తుంది.

నన్ను పుట్టించింది శశిరేఖ. కాకినాడలో ఒక రక్తదాతల సంఘానికి ఆవిడ ఊరికే వెబ్‌సైట్ చేసిపెట్టింది. మొదటిరోజు నన్ను తనకు తానే పంతొమ్మిదిసార్లు పంపుకుంది. పద్దెనిమిదిసార్లు నేను పోయి స్పామ్‌లో పడ్డాను. విసుక్కోకుండా మళ్లీ పంపిన ఆ తల్లి ఓపికకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

అంత తెలివైన మనిషీ ఒకచోట పప్పులో కాలేసింది. దాతలు నింపే ఫారంలో, ఇంగ్లీషు ఫారాల్లో ఉన్నట్టే, 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గడులు పెట్టింది. మనవాళ్లకు మొదట వచ్చేది ఇంటిపేరే కదా! అందరూ మొదటి గడిలో అదే రాశారు. నేనేమో ఆ గడి చూసే పలకరిస్తాను. 'వాసంశెట్టి గారికి నమస్కారం', 'పిల్లి గారికి నమస్కారం' అంటూ జిల్లా అంతా తిరిగాను.

"ఏమ్మా శశీ, ఇంటిల్లిపాదికీ దండం పెట్టేస్తందేంటి నీ మెయిలు?" అని దెప్పేవారు సంఘం కార్యదర్శి వీరభద్రం మాస్టారు.

"రేపు సరిచేసేత్తానండి మాస్టారూ" అనేది. ఆ రేపు రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

కాకినాడ ఆసుపత్రిలో ఝాన్సీ అనే అమ్మాయికి కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. ఆమెది బాంబే గ్రూపు. చాలా అరుదు. ఆ గ్రూపువాళ్లకు అదే గ్రూపు తప్ప మరే రక్తమూ పనికిరాదు. సంఘం జాబితాలో అలాంటివాడు ఒక్కడే, పెద్దాపురంలో టైలరు కుడుపూడి సత్యానందం. మాస్టారు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఇక మిగిలింది నేనే. ఉదయం పదింటికి ఆయన బొత్తాం నొక్కారు. 'కుడుపూడి గారికి నమస్కారం. మీ బాంబే గ్రూపు రక్తం అత్యవసరంగా కావాలి' అంటూ పరుగెత్తాను.

సత్యానందం పచ్చకామెర్లతో మంచాన పడి ఉన్నాడు. అతని రక్తం తీసుకోకూడదు. కానీ అతనిచ్చిన మెయిలు అడ్రసు కొట్టుది. నన్ను తెరిచింది అతని చెల్లెలు మంగతాయారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, అన్నతోపాటు కొట్టు నడుపుతుంది. కుడుపూడి గారంటే తానే అనుకుంది. కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి కాకినాడ బస్సెక్కింది.

"మేం రమ్మంది మీ అన్నయ్యని కదమ్మా" అన్నారు మాస్టారు, నీరుగారిపోయి.

"కుడుపూడి గారనే కదండీ రాశారు. నేనూ కుడుపూడేనండి, ఆయ్! ముందు పరీక్ష చేయించండి."

ఆవిడ అంతవరకు ఎప్పుడూ రక్తం ఇవ్వలేదు, తన గ్రూపేమిటో కూడా తెలియదు. పరీక్షిస్తే బాంబే గ్రూపే! తోబుట్టువుల్లో అలా కలిసే అవకాశం ఉంటుందట. ఝాన్సీ బతికింది. నాకు గుండె అంటూ ఉంటే ఆరోజు నిండిపోయి ఉండేది.

శశిరేఖ మర్నాడే గడులు మార్చి 'ఇంటిపేరు', 'పేరు' అని రాసింది. నా చివర ఒక వాక్యం కూడా చేర్చింది: 'మీ ఇంట్లోవారికీ పరీక్ష చేయించండి.' ఇప్పుడు అందరినీ సరైన పేరుతోనే పిలుస్తున్నాను. ఎవరూ నవ్వడం లేదు. నాకది కాస్త లోటుగానే ఉంది.

నన్ను పంపేవారి పేరు ఉండాల్సిన చోట శశిరేఖ 'దయచేసి బదులివ్వకండి' అని పెట్టింది. అక్కడికి ఎవరూ ఉత్తరం రాయరు. నెల తర్వాత ఒకటి వచ్చింది.

"బదులివ్వకండి గారికి నమస్కారం. ఝాన్సీ నిన్న పాపనెత్తుకుని మా కొట్టుకొచ్చిందండి. పాపకి గౌను కుట్టిచ్చాను. మీరు పిలవబట్టే ఆరోజు వెళ్లానండి. మీ ఇంటిపేరు తెలీదు, ఏమీ అనుకోకండి. – కుడుపూడి మంగతాయారు."

ఏమీ అనుకోలేదు తల్లీ. ఇన్ని వేలమందికి నమస్కారం పెట్టాను. తిరిగి నాకు పెట్టింది నువ్వొక్కదానివే.