గర్భిణుల వరసలో శేషారత్నం

నేను ఒక స్కానింగ్ మిషను చేతిముక్కని. చల్లటి జెల్లు పూసి పొట్ట మీద తిప్పుతారే, అదే నేను. డాక్టర్లు ప్రోబు అంటారు. ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టి, హైదరాబాదులో ఒక అద్దాల క్లినిక్‌లో ఆరేళ్లు చాకిరీ చేసి, కొత్త మిషను రాగానే వాళ్లకి చేదైపోయి, చీరాలలో డాక్టర్ సలోమి చేతికొచ్చాను.

మనుషుల తీరు చూస్తే నవ్వొస్తుంది. కడుపులో బిడ్డని చూపిస్తే నన్ను కళ్లకద్దుకున్నంత పని చేస్తారు. కాలేయం చూస్తానంటే మాత్రం, జబ్బు నేనే అంటిస్తానన్నట్టు ముడుచుకుపోతారు.

శేషారత్నానికి యాభై ఎనిమిదేళ్లు. మగ్గాలకి కండెలు చుట్టి బతికే మనిషి. హెపటైటిస్ బి వల్ల కాలేయం గట్టిపడింది. వాళ్లమ్మ కాలేయ క్యాన్సరుతోనే పోయింది.

"రోజూ మాత్ర మింగాలి పిన్నిగారూ. ఆరునెలలకోసారి స్కానింగుకి రావాలి. క్యాన్సరు మొదలైనా చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు," అని సలోమి చెప్పింది.

మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. తంటా అంతా నా దగ్గరే వచ్చింది.

మా గది ముందు బెంచీ మీద ఎప్పుడూ గర్భిణులే. రెండోసారి వచ్చినప్పుడు, కోడలిని తీసుకొచ్చిన వాళ్ల వీధి ఆవిడ, "ఏం వదినా, నీకెన్నో నెల?" అంది. బెంచీ అంతా నవ్వింది. శేషారత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని తానూ నవ్వింది గానీ, ఆ తర్వాత రావడం మానేసింది. మొగుడు పోయిన మనిషి ఆ వరసలో కూర్చుంటే వీధిలో ఏమనుకుంటారోనని బెంగట. నాకైతే ఒళ్లు మండిపోయింది.

మాత్రల కోసం వచ్చినప్పుడు సలోమి పాత చీటీలు తిరగేసింది.

"పదకొండు నెలలైంది పిన్నిగారూ. రేపు పొద్దున్నే పరగడుపున రండి. అందరికన్నా ముందు మీకే చూస్తాను."

మర్నాడు పక్కటెముకల కింద, వేరుసెనగ గింజంత మచ్చ కనిపించింది. సలోమి చెయ్యి ఆగిపోయింది. నన్ను మళ్లీ మళ్లీ అక్కడే తిప్పింది. ఉన్నమాట చెప్తున్నా, నేనూ భయపడ్డాను.

గుంటూరులో పెద్ద స్కానింగు తీసి క్యాన్సరేనన్నారు. చిన్నది, ఒక్కటే కాబట్టి సూది దింపి కాల్చేశారు. ఇంకో ఏడాది సిగ్గుపడి ఉంటే ఏమయ్యేదో తలుచుకోను. తిరిగొచ్చాక నేను చూస్తే మచ్చ ఉన్నచోట మసిలాంటి గుర్తే మిగిలింది. "ఏమీ లేదు పిన్నిగారూ," అని సలోమి అనగానే ఆవిడ నా మీద చెయ్యేసి ఏడ్చింది.

అది జరిగి రెండేళ్లు. ఈమధ్య నా వైరు చిట్లింది. ఇప్పుడు బల్ల సొరుగులో నా కాపురం. నా పని వేరే ప్రోబు చేస్తోంది గానీ తలుపవతలి మాటలన్నీ వినబడతాయి. ఇవాళ ఓ కొత్త గొంతు అడిగింది.

"మీరెవరితో వచ్చారు పిన్నీ?"

"ఎవరితోనూ కాదమ్మా, నా కాలేయం చూపించుకోడానికొచ్చా. మా అమ్మకుందని తెలీక, నేను పుట్టేటప్పుడే నాకంటుకుంది. నువ్వు పరీక్ష చేయించుకున్నావా? బిడ్డ పుట్టిన రోజే టీకా ఏయించాల, మర్చిపోబాక."

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

"దేనికి పరీక్ష? జబ్బు పేరేంటి పిన్నీ?" అందా పిల్ల.

శేషారత్నం కొంగు అడ్డం పెట్టుకున్నట్టు లేదు. హెపటైటిస్ బి అన్న ఆ పేరు సొరుగులో ఉన్న నాక్కూడా స్పష్టంగా వినబడింది.