నేలకి రాసుకునే తలుపు

తలుపు నేలకి రాసుకుంటోందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే. చిత్రిక పట్టించేశారా, ఇంకా లేదా? పట్టించేసి ఉంటే ఇక నన్నెందుకు విసిగించడం? వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు అడుగు చెక్కేస్తే, ఎండలొచ్చాక తలుపు కింద పిల్లి దూరేంత సందు మిగులుతుంది. ముందు పైనున్న మడతబందు చూడండి. తలుపు కొస పట్టుకుని పైకెత్తండి. బందు కదిలిందా, రోగం అక్కడుంది. తలుపు కింద చెక్కముక్క పెట్టి బరువు ఆపండి. స్క్రూలు తీసి, ఆ బొక్కల్లో జిగురు పూసిన అగ్గిపుల్లలు కుక్కి, ఆరనిచ్చి మళ్ళీ బిగించండి. అంతే, దీనికింత రాద్ధాంతం అక్కర్లేదు.

ఇదేం నా చదువు కాదు. మా ఆయన ఫోన్లో అందరికీ చెప్తుంటే వంటింట్లోంచి విని విని నోటికొచ్చేసింది. ఇళ్ళ మరమ్మతులు ఆయన పని. కారే కుళాయి, చెమ్మ పట్టిన గోడ, పగిలిన గచ్చు, దేనికైనా ఆయనే. పోయిన చలికాలం ఎవరింట్లోనో పని చేస్తూ చేస్తూ గుండె ఆగి పోయారు. ఆయన పోయినా ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. మొదట్లో "ఆయన లేరండీ" అనేదాన్ని. "ఎప్పుడొస్తారు?" అనేవాళ్ళు. దానికి జవాబు చెప్పడం కంటే కుళాయికి వాషర్ ఎలా మార్చాలో చెప్పడం తేలిక.

ఊరందరి ఇళ్ళూ బాగుచేసిన ఆ మహానుభావుడు సొంతింట్లో ఒక్క మేకు కొట్టి ఎరగరు. వీధి తలుపు సంగతి చూడమని నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని. "రేపు" అనేవారు. "ఆ రేపు ఏ క్యాలెండర్లో ఉందో చూపించండి" అనేదాన్ని. "కొత్త క్యాలెండర్లో" అనేవారు, పైగా ఒక నవ్వు. ఒళ్ళు మండిపోయేది నాకు.

ఆ తలుపు తెరవడమే ఒక విద్య. పిడి పట్టుకుని కాస్త పైకెత్తి భుజంతో తొయ్యాలి. నేలమీద జర్రున గీసుకుంటూ వచ్చి, ఆఖర్న ధబ్బుమని తెరుచుకునేది. ఆయన అలా తెరిచేవారు. నేను కాలితో ఒక్క తన్ను తన్నేదాన్ని. వెనక గదిలో మంచం మీద మా అత్తగారు. చూపు పోయింది గానీ చెవులు పాము చెవులు. తలుపు మీద పడింది భుజమో కాలో ఆవిడకి తెలిసిపోయేది. కొడుకు వచ్చిన చప్పుడు వింటే గానీ ముద్ద ముట్టేది కాదు. "వచ్చావా నాయనా, చేతులు కడుక్కో" అనేది. నేను పెట్టింది తినేది. తినగానే నిద్రపోయేది.

ఈమధ్య ఆవిడకి ఏదీ గుర్తుండటం లేదు. ఆయన పోయిన రోజు చెప్పాం. గుండెలు బాదుకుంది. తెల్లారి లేచి "వాడు పనికెళ్ళాడా?" అంది. మళ్ళీ చెప్పాం. మళ్ళీ అదే ఏడుపు, అప్పుడే విన్నట్టు. మర్నాడూ అంతే. ఒక తల్లికి కొడుకు ఎన్నిసార్లు చావాలి? నావల్ల కాలేదు. పనికెళ్ళాడనే చెప్పడం మొదలుపెట్టాను. కానీ సాయంత్రం తలుపు చప్పుడు కాదు, ఆవిడ నోరు తెరవదు. చూస్తుండగానే పుల్లలా అయిపోయింది.

ఒకరోజు రెండు చేతుల్లో సంచులతో వస్తూ, తన్నే ఓపిక కూడా లేక, భుజంతో తోశాను. లోపల్నుంచి "వచ్చావా నాయనా, చేతులు కడుక్కో" అని వినిపించింది. సంచులు గుమ్మంలోనే వదిలేసి కంచంలో అన్నం పెట్టాను. ఆ పూట ఆవిడ కంచం ఖాళీ చేసింది.

ఇక రోజూ లైట్లు వేసే వేళకి వెనక దోవన బయటికెళ్ళి, వీధివైపు తిరిగొచ్చి, ఆయనలా భుజం వేసి లోపలికొచ్చేదాన్ని. కాపురానికొచ్చినప్పటి నుంచీ తిట్టిపోసిన తలుపు అది. ఇప్పుడది బాగుపడితే మా అత్తగారు పస్తు.

మొన్న మా తమ్ముడు నన్ను చూడటానికొచ్చాడు. కాగితాల ఉద్యోగం వాడిది, సుత్తి ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు. నేను ఎవరికో ఫోన్లో ఈ తలుపు వైద్యమే చెప్తుంటే ఎదురుగా కూర్చుని బుద్ధిమంతుడిలా విన్నాడు. ఎందుకంత శ్రద్ధగా వింటున్నాడో నాకు తట్టలేదు. భుజం సంగతి వాడికి చెప్పలేదు. అక్కకి మతి పోయిందంటాడని భయం. మర్నాడు మధ్యాహ్నం వాడిని ఇంట్లో ఉంచి అత్తయ్య మందుల కోసం వెళ్ళాను. మందుల కొట్లో జనం. తిరిగొచ్చేసరికి వీధిలైట్లు వెలిగిపోయాయి.

ఆవిడ ఆకలితో ఉంటుందని పరుగున వచ్చి, పిడి ఎత్తి, భుజం వేశాను. తలుపు అడ్డమే లేనట్టు తెరుచుకుంది. నేను ముందుకి తూలాను. అది వెళ్ళి గోడకి ఠప్పున కొట్టుకుంది.

ఎదురుగా తమ్ముడు. వేళ్ళ నిండా జిగురు, ముఖం నిండా సంతోషం. "చూశావా అక్కా? అచ్చం నువ్వు చెప్పినట్టే చేశాను. చిత్రిక ముట్టుకుంటే ఒట్టు. పాపం అత్తయ్యగారు నిద్రలో ఉన్నారని చప్పుడు కూడా కానివ్వలేదు."

"ఎవడు చెయ్యమన్నాడురా నిన్ను?" అన్నాను. వాడి ముఖం వాడిపోయింది. వాడి తప్పేముంది, నేను నేర్పిన విద్యే. మళ్ళీ బయటికెళ్ళి తలుపు ఎత్తి చూశాను, నొక్కి చూశాను. కాలిచెప్పు నేలకేసి బరబరా గీశాను కూడా. ఆ చప్పుడు రాలేదు.

"ఎవరే అది?" అని అత్తయ్య పిలిచింది. కంచం పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏంటే ఆ చప్పుడు?"

"తలుపు, అత్తయ్యా."

"మన తలుపు అలా చప్పుడు చెయ్యదే."

"బాగైంది."

"ఎవరు చేశారు?"

మంచి ఉపాయం తట్టిందనుకున్నాను. "ఇంకెవరు, మీ అబ్బాయే. ఇన్నాళ్ళకి దయ కలిగింది."

ఆవిడ నవ్వింది. "వాడా? మన తలుపా?" అంది. మళ్ళీ నవ్వబోయి ఆగిపోయింది. ముద్ద పట్టుకున్న నా చెయ్యి తడిమి, కంచంలోకి దించేసింది.

"వాడుంటే ఆ తలుపు బాగుపడదే," అంది.

నేను కంచం కింద పెట్టాను.

"లేడు కదూ?"

"లేరు, అత్తయ్యా."

"నాకు చెప్పారా?"

"చెప్పాం."

"ఏడ్చానా?"

"ఏడ్చారు. చెప్పిన ప్రతిసారీ."

"నువ్వో?"

"నాకు తీరికెక్కడ?" అన్నాను. విసుగ్గానే అన్నాను. నిజం కూడా అదే. ఆ ఫోన్లు, ఈ మంచం, ఆ తలుపు, వీటితోనే రోజు గడిచిపోయేది.

ఆవిడ వెనక్కి వాలి పడుకుంది. కళ్ళమ్మట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. మెల్లగా గోడవైపు జరిగి, మంచం మీద నాకు చోటిచ్చింది.

"తెల్లారితే నాకు గుర్తుండదు," అంది. "ఇవాళ గుర్తుంది. రా."

వెళ్ళి పక్కన పడుకున్నాను. ముందు గదిలో ఫోన్ మోగింది. తమ్ముడు తీశాడు. "మా బావగారు పోయారండీ," అంటున్నాడు. "లేదండీ, ఇక రారు." ఇద్దరం విన్నాం. ఆవిడ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా తలమీద ఆగింది. అప్పుడు ఏడ్చాను.