సింహాసనం వెనక పీట

పొద్దున్నే మహలు తోటకి నీళ్లు పెట్టడం కూతురి పని, గుమ్మంలో కూర్చుని తప్పులు పట్టడం అమ్మ పని. ఆ తోటలో ఏ మొక్కైనా నాటిన మనిషి వైపే పువ్వు తిప్పుతుంది. తోటంతా అమ్మ నాటిందే కాబట్టి, పువ్వులన్నీ వెనక గోడ దగ్గరున్న వాళ్ల ఒంటిగది వైపే చూస్తుంటాయి. అందులో వింతేముంది, మొక్కకి ఆపాటి విశ్వాసం ఉండదా?

రాజుగారి హయాంలో తోటలో సభ జరిగితే చాలు, సింహాసనం వెనక తెరచాటున పీట వేసి అమ్మని కూర్చోబెట్టేవాళ్లు. పువ్వులన్నీ అటు తిరిగేవి. "చూశారా, నా తోట నాకే దణ్ణం పెడుతోంది" అని రాజుగారు మీసం దువ్వేవాడు. నిండు చూలాలుగా ఉన్నప్పుడు కూడా అమ్మ ఆ పీట మీద ముడుచుకునే కూర్చుంది. రాజుగారు పోయాడు, మహలు మ్యూజియం అయింది, పీట మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ రోజు సూపరింటెండెంట్ నోటీసు పట్టుకొచ్చాడు.

"ఆదివారానికల్లా గది ఖాళీ చెయ్యాలి. మీ అమ్మ ఇక్కడ పనిచేసినట్టు ఒక్క కాగితం లేదు."

"నలభై ఏళ్లు చేసిందండీ."

"రికార్డులో రాజుగారి పేరే ఉందమ్మా, నన్నేం చెయ్యమంటావు?" రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, రేపు తోటలో కొత్త బోర్డు ఆవిష్కరిస్తున్నాం. పై ఆఫీసు మేడమ్ వస్తున్నారు. మీ అమ్మని తొమ్మిదింటికల్లా పీట మీద కూర్చోబెట్టు."

కూతురికి అరికాలి మంట నెత్తికెక్కింది. గది ఖాళీ చెయ్యమన్న నోటితోనే ఆ మాటా అనడానికి ఎంత సిగ్గులేనితనం ఉండాలి? అయినా పళ్లు బిగబట్టి, "అలాగేనండీ" అంది.

"మోకాళ్లు వంగవే నాకు" అంది అమ్మ, అతను వెళ్లగానే.

"నువ్వెక్కడికీ రానక్కర్లేదు. ఈ గుమ్మంలోనే కూర్చో."

"ఉన్న గూడు కూడా పోతుందే."

"పొమ్మన్నాక ఇంకా పోయేదేముంది?"

మర్నాడు మేడమ్ వచ్చి సింహాసనం మీద కూర్చుంది. బోర్డు మీద గుడ్డ తీసి సూపరింటెండెంట్ గట్టిగా చదివాడు: "రాజుగారు స్వహస్తాలతో నాటిన తోట." చప్పట్లు మొదలై మధ్యలోనే ఆగిపోయాయి. తోటలో పువ్వులన్నీ సింహాసనానికి వీపు పెట్టి నిలబడ్డాయి. సూపరింటెండెంట్ తెర ఎత్తి చూశాడు. పీట ఖాళీగా ఉంది.

"ఈ పువ్వులు నాటిన మనిషి వైపే తిరుగుతాయంటారుగా, ఆ మనిషి ఎక్కడ?" అంది మేడమ్.

కూతురు నీళ్ల గొట్టం పడేసి ముందుకొచ్చింది. "ఆ గదిలో ఉందండీ. ఆదివారం దాకానే. ఇక్కడ పనిచేసినట్టు కాగితం లేదంట."

మేడమ్ పువ్వులు చూస్తున్న దారినే నడిచి గది దాకా వెళ్లింది. అమ్మ లేవబోతే వద్దని వారించి, చేతులు పట్టుకుని చూసింది. నిండా ముళ్ల గీతలు, గోళ్లలో ఎంత కడిగినా వదలని మట్టి. నోటీసు అడిగి తీసుకుని, దాని వెనకే రాసి సంతకం పెట్టింది.

"కాగితం లేదన్నారుగా, ఇదిగో. ఈ గది ఈవిడదే. ఆ బోర్డు మీద పేరు మార్చండి. స్వహస్తాలు ఇవి."

అందరూ వెళ్లాక అమ్మకి కోపమొచ్చింది, నలభై ఏళ్ల కోపమూ ఒక్కసారే.

"ఆ పీట ఇలా పట్రావే."

కూతురు తెచ్చింది.

"పొయ్యిలో పెట్టు."

ఎండిన చెక్క, ఇట్టే అంటుకుంది. దాని మీదే ఇద్దరికీ టీ కాచింది అమ్మ.