డైసీ ఇంటి చపాతీలు

నేను ఇంగ్లిషు మెయిన్‌తో బి.ఏ. చదివాను. ఆ సంగతి భిలాయిలో ఎవరికీ అక్కర్లేకపోయింది, మా అత్తగారికి ఇంగ్లిషు కావలసొచ్చేదాకా.

"అమ్ముని తెలుగులో తిడితే నవ్వుతాది, హిందీలో తిడితే తిరగబడతాది. ఇంగ్లీసులో తిట్టాల" అని పట్టుబట్టారు సింహాచలమ్మగారు. అమ్ము నా కూతురు.

ఇప్పుడు జరుగుతున్న పనికి యామ్, ఈజ్, ఆర్, చివర ఐఎన్‌జీ అని పలక మీద రాసి మొదలుపెట్టాను. అత్తగారు గోడకానుకుని నిద్రపోయారు. మర్నాడూ అంతే. ఆ తర్వాత పక్క క్వార్టర్లో డైసీ దగ్గరికి వెళ్లడం మొదలెట్టారు.

డైసీ చదువు పన్నెండో తరగతితో సరి. ఆమె పద్ధతి, నోటితో ఏది అంటే చేత్తో అది చెయ్యాలట.

"ఐ యామ్ డ్రింకింగ్ టీ. ఐ యామ్ సిట్టింగ్" అంటూ అత్తగారు ఇంటికొచ్చి చేసి చూపించారు. మా ఇంట్లో ఆవిడ చేసే పనులు ఆ రెండే.

"నేను చెప్పిందీ ఇదే కదత్తయ్యా!"

"ఇదేనేటి? నువ్వు చెప్తే ఆవలింతలొస్తాయి. డైసీ చెప్తే బుర్రకెక్కుతాది."

నా కడుపు భగభగమంది. ఆ మంటని ఇంగ్లిషులో ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసు. అడిగినవాళ్లే లేరు.

మర్నాడు గిన్నె తిరిగిచ్చే నెపంతో డైసీ ఇంటికి వెళ్లాను. వంటింట్లో అత్తగారు పీట ముందు కూచుని చపాతీలు ఒత్తుతున్నారు. డైసీ కుర్చీలో ఉంది.

"వాట్ ఆర్ యూ డూయింగ్, ఆంటీ?"

"ఐ యామ్ మేకింగ్ చపాతీ!"

"వెరీ గుడ్, ఆంటీ! రండి దీదీ, ఎంత త్వరగా నేర్చేసుకుంటున్నారో చూడండి."

పక్కన తరిగిన వంకాయలు, ఒలిచిన బఠాణీలు. అవి ఆ పూట అంతకుముందు జరిగిన పాఠాలు కాబోలు. గుమ్మందాకా డైసీ చెప్పే చదువు చూసి కుళ్లుకున్నాను. గుమ్మం దాటాక చపాతీలు చూసి కుళ్లుకున్నాను.

ఆ సాయంత్రం పీట, కర్ర తెచ్చి అత్తగారి ముందు పెట్టాను.

"ఇంట్లో ప్రాక్టీసు చెయ్యకపోతే మర్చిపోతారత్తయ్యా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"డైసీ పని చేయించుకుంటందని నాకు తెలీదేటే? కానీ అది వెరీగుడ్డంటాది. ఇన్నేళ్లలో నన్నెవరన్నారే అలాగ." పీట నా వైపు తోసేశారు. "నువ్వొత్తు. నేనడుగుతాను. వాట్ ఆర్ యూ డూయింగ్?"

"ఐ యామ్ మేకింగ్ చపాతీ" అన్నాను పళ్లు కొరుకుతూ.

"వెరీ గుడ్డే, అరుణా!"

ఈ ఇంటికొచ్చాక నా చపాతీకి దక్కిన మొదటి మెప్పు అదే. సిగ్గులేకుండా ఇంకో ఉండ తీసుకున్నాను.

"మళ్లీ అడగండత్తయ్యా."